బండి మీద ఇద్దరం, ఒక టెంట్: నెల్లూరు నుంచి కంభం దాకా ఐదు రోజులు. రాత్రిళ్లు ఎక్కడ పడుకోవచ్చు?

పెన్నాతీరం | జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. సంక్రాంతి అయిపోయాక, 20వ తేదీ మంగళవారం, నేనూ మా ఆయనా బండి మీద బయల్దేరి శనివారం రాత్రికి ఇల్లు చేరాలనుకుంటున్నాం. బండి 150 సీసీ, ఆరేళ్లది. ఆన్‌లైన్‌లో ఒక టెంట్ కొన్నాం. వంటకి చిన్న గ్యాస్ స్టవ్ ఉంది.

ప్లాన్ అని పెద్దగా ఏమీ లేదు. జొన్నవాడ, సంగం, సోమశిల, ఉదయగిరి, భైరవకోన, కంభం చెరువు. వరస ఇంతవరకే అనుకున్నాం. ఏ రోజు ఎంత దూరం అన్నది రాసుకోలేదు. లాడ్జి ఎక్కడా బుక్ చేయలేదు. నచ్చిన చోట ఆగుదామని. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఎప్పుడు సెలవు దొరికినా ఊటీకో కొడైకెనాల్‌కో పోయాం. మా తాతది ఉదయగిరి దగ్గర పల్లె. చిన్నప్పుడు ఆయన కోట గురించీ కోన గురించీ చెప్తుంటే అన్నం తినడం మర్చిపోయి వినేదాన్ని. ఆయన పోయి పన్నెండేళ్లయింది. అవి నేను ఇంకా చూడనే లేదు. ఈసారి నా మాటే నెగ్గింది.

మొదటి రాత్రి సోమశిల డ్యామ్ కింద పెన్నలో ఇసుక మీద టెంట్ వేద్దామని ఉంది. మా అత్తయ్య మాత్రం ఒకటే టెన్షన్ పడుతోంది. తెలిసినవాళ్లు నాలుగు మాటలు చెప్పండి.

సంగం కాలవ | జనవరి 6, రాత్రి 10:25

అమ్మాయ్, ఆ ఇసుక మాట మాత్రం మర్చిపో. నేను సంగం ఆయకట్టు రైతుని. జనవరిలో మాకు నాట్లు పడి ఉంటాయి. డెల్టాకి నీళ్లు సోమశిల నుంచి పెన్నలోనే వదుల్తారు. అవి ఏట్లో పారి సంగం బ్యారేజీకి, తర్వాత నెల్లూరు ఆనకట్టకి రావాలి. ఎప్పుడు ఎంత వదుల్తారో గట్టు మీద నిలబడినవాడికే తెలీదు, టెంట్‌లో నిద్రపోయేవాళ్లకి ఏం తెలుస్తుంది? సాయంత్రం మోకాల్లోతున ఉన్న పాయ తెల్లారేసరికి నడుం దాకా వచ్చిన రోజులు నేను చూశాను. డ్యామ్‌కి కింద, ఏట్లో, లంకలో, రాత్రి పడక వద్దే వద్దు. ఏటి అందం పగలు చూడండి. సంగం బ్యారేజీ మీద కాసేపు ఆగండి, నీళ్ల మీద నుంచి వచ్చే గాలికి ప్రాణం లేచొస్తుంది.

కావలి వదిన | జనవరి 6, రాత్రి 11:05

నేనూ మా ఆయనా ఇట్లా నాలుగుసార్లు తిరిగాం, రెండుసార్లు బండి నేనే తోలాను. ఒక్కటే చెప్తాను. ప్లాన్ ఎంత వదులుగా ఉన్నా ఫర్వాలేదు, రాత్రి పడక మాత్రం సాయంత్రం నాలుగున్నరకి తేలిపోవాలి. జనవరిలో ఆరు దాటితే చీకటే. చీకట్లో వచ్చి చోటు అడిగినవాళ్లని చూసి ఊరు భయపడుతుంది. వెలుతురుండగా వచ్చి, టీ తాగి, మేం ఫలానా, ఇక్కడ రాత్రికి ఉండొచ్చా అని అడిగితే అదే ఊరు పిలిచి చోటిస్తుంది. ఎక్కువమంది అడగడానికి సిగ్గుపడి, ఊరికి దూరంగా ఎవరూ చూడని చోట టెంట్ వేస్తారు. అక్కడే చిక్కు. ఊరికి కనపడేట్టు ఉండండి.

ఆడవాళ్లకి అసలు సమస్య బాత్రూమ్. పెట్రోల్ బంకు కనపడితే అవసరం ఉన్నా లేకపోయినా ఆగండి. పొద్దున్నే గుడి సత్రాల్లో అడిగితే స్నానానికి కూడా వీలవుతుంది. నీళ్లు తాగితే మళ్లీ ఆగాలి కదా అని నీళ్లు మానెయ్యొద్దు, నేను ఆ తప్పు చేసి మూడు రోజులు జ్వరంతో పడుకున్నాను.

రిటైర్డు మాస్టారు | జనవరి 7, ఉదయం 6:15

పెద్దవాణ్ని కాబట్టి చెప్తున్నాను, ఏమీ అనుకోవద్దు. ఆడపిల్లని వెంటబెట్టుకుని ఎక్కడ పడుకుంటారో తెలియకుండా బయల్దేరడం నాకు నచ్చలేదు. ఆత్మకూరులో, ఉదయగిరిలో, కనిగిరిలో, కంభంలో గదులు దొరుకుతాయి. పగలు తిరిగి రాత్రి గదిలో పడుకోండి. మీ అత్తగారి మాటలో న్యాయం ఉంది.

కావలి వదిన | జనవరి 7, ఉదయం 8:30

మాస్టారూ, మీ భయం అర్థమైంది. గది ఉండాలన్నదాంట్లో మీరు చెప్పింది నిజం. ప్రతి సాయంత్రం ఓ గంట ప్రయాణంలో గది దొరికే ఊరేదో తెలిసుండాలి. నాలుగున్నరకి చోటు కుదరకపోతే నేరుగా అక్కడికే. కానీ ఆడపిల్ల ఆయన వెంట పోవడం లేదు, ఈ ప్రయాణం ఆ అమ్మాయిదే. ముందు పోస్టు ఇంకోసారి చదవండి.

దుర్గం కింద | జనవరి 7, మధ్యాహ్నం 1:10

ఉదయగిరి వాణ్ని. అక్కా, మీ తాతగారి ఊరు మా పక్కనే అయ్యుంటుంది.

కొండ మూడు వేల అడుగుల పైచిలుకు. పొద్దున ఆరుకల్లా ఎక్కడం మొదలుపెట్టండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పైన ఏమీ దొరకదు. దారి తెలిసిన మనిషిని కింద ఊళ్లో మాట్లాడుకోండి, పొదల్లో దారి తప్పడం తేలిక. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి దానికోసం గుడి కట్టించాడు. కొండెక్కి కిందికి చూస్తే, అన్ని నెలలు ఎందుకు పట్టిందో మీకే తెలుస్తుంది. పైన మసీదులున్నాయి, కోనేళ్లున్నాయి. గోడల మీద పేర్లు చెక్కినవాళ్లని చూస్తే కడుపు మండిపోతుంది.

ఇంకోటి. మా వైపు, రాపూరు వైపు అడవులు ఎర్రచందనం అడవులు. రాత్రి పూట బండి మీద పెద్ద సంచులతో తిరిగితే పోలీసులు గానీ ఫారెస్టు వాళ్లు గానీ ఆపి తీరతారు, ఆపాలి కూడా. ఆధార్, బండి కాగితాలు పైకే పెట్టుకోండి. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా టెంట్ వెయ్యడం నేరం. పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం కాబట్టి అక్కడ ఇంకా గట్టిగా ఉంటారు. అడవి అంచున పట్టా పొలంలో, రైతుని అడిగి వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

దిగాక మా ఊరి చెక్క గరిటెలు చూడండి. నర్ది, బిక్కి లాంటి కొండ కర్రతో చెక్కుతారు. వీటికి భౌగోళిక గుర్తింపు ఉంది. చెక్కేవాళ్ల ఇంటికే పోయి కొంటే ఆ డబ్బు నేరుగా వాళ్లకే చేరుతుంది.

పొదిలి స్పానర్ | జనవరి 7, రాత్రి 8:50

బండి గురించి నేను చెప్తా. ఆరేళ్ల బండి అంటున్నారు, వెనక టైరు ట్యూబ్‌దా ట్యూబ్‌లెస్సా? ట్యూబ్‌దయితే కొత్త ట్యూబొకటి, టైరు విప్పే రాడ్లు, గాలి పంపు పెట్టుకోండి. మా వైపు చిల్లకంప ముల్లు టైరుని కూడా వదలదు. రోడ్డు పక్క నీడ బాగుంది కదా అని చెట్టు కిందికి తోల్తారు, అక్కడే దిగబడుతుంది. బండి తారు మీదే ఆపి మీరు నీడకి నడవండి. టెంట్ కింద కూడా ముందు మందపాటి పరదా పట్టా పరవండి. లేకపోతే ఒక్క రాత్రికే అడుగు జల్లెడ.

క్లచ్ వైరు, బ్రేకు షూలు బయల్దేరే ముందే మార్పించండి. చైన్‌కి రోజూ రాత్రి ఆయిల్. బరువు వెనక క్యారియర్ మీద ఎత్తుగా కట్టొద్దు, రెండు పక్కలా కిందికి సమంగా వేలాడాలి. ఇద్దరు మనుషులు, సామాను కాబట్టి వెనక టైరులో గాలి కంపెనీ చెప్పిన ఇద్దరి లెక్కకి ఎక్కించండి. నీళ్ల క్యాన్ పెట్రోల్ మరక తగలని వైపు కట్టండి.

తాగే నీళ్ల మాట వచ్చింది కాబట్టి: కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తరాలుగా జనం కీళ్లు వంగిపోయి బాధపడ్డ ప్రాంతం. ఒక రాత్రికి మీకేమీ కాదు, అయినా అక్కడ ఎవరింట్లో అయినా కొనుక్కున్న క్యాన్ నీళ్లు మీకు పోస్తుంటే, ఆ నీళ్ల విలువ తెలిసి తాగండి.

పీహెచ్‌సీ అక్క | జనవరి 8, రాత్రి 10:00

నర్సుగా పదిహేనేళ్లు పల్లెల్లోనే చేశాను. నేల మీద పడుకునేవాళ్లకి కట్లపాము గురించి చెప్పాలి. అది రాత్రిపూట తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్లని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి ఆడదు. చీమ కుట్టిందేమో అనుకుని మళ్లీ పడుకున్నవాళ్లని తెల్లవారి మా దగ్గరికి మోసుకొచ్చారు. అందరూ బతకలేదు. అందుకే అనుమానం వస్తే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. 108కి ఫోన్ చేసి, కాలో చెయ్యో కదపకుండా ఆస్పత్రికి. కట్లపాము, నాగు, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు మందు.

చలికాలం కాబట్టి పాములు తక్కువే. అయినా టెంట్ జిప్పు ఎప్పుడూ పూర్తిగా మూసే ఉండాలి. జిప్పు మీద నమ్మకం లేకపోతే దోమతెర ఒకటి వెంట పెట్టుకోండి. బూట్లు లోపలే పెట్టుకోండి, పొద్దున దులిపి తొడగండి. రాత్రి లేస్తే టార్చి లేకుండా ఒక్క అడుగు వెయ్యొద్దు.

గుండ్లకమ్మ | జనవరి 9, ఉదయం 7:20

కంభం దాకా వస్తున్నందుకు సంతోషం. మా చెరువుని జనం కట్ట మీద నుంచి ఫొటో తీసుకుని పోతుంటారు. రెండు కొండల మధ్య సందులో గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేశారు. విజయనగరం కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా దీని కింద పంట పండుతోంది. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. సాయంత్రం ఐదుకి వస్తే ఎండ పడమటి కొండల వెనక్కి జారడం చూడొచ్చు. కట్ట మీద మాత్రం పడుకోవద్దు. చెరువుకి దగ్గర్లో మా పెద్దమ్మ వాళ్ల కళ్లం ఉంది, ఇల్లు ఆనుకునే ఉంటుంది. ముందు రోజు ఇక్కడే మెసేజ్ పెట్టండి.

పెన్నాతీరం | జనవరి 19, రాత్రి 9:15

అందరూ చెప్పినవి మా అత్తయ్యకి చదివి వినిపించాను. కట్లపాము దగ్గర ఆపేద్దామనుకున్నాను గానీ అదీ చదివాను. అంతా విని లోపలికెళ్లి దోమతెర తెచ్చి సంచిలో పెట్టింది. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం.

పెన్నాతీరం | జనవరి 20, రాత్రి 8:30

సోమశిల. సంగం కాలవ బాబాయ్, మీరు చెప్పినట్టే పాయ పారుతోంది. 78 టీఎంసీల జలాశయం అని పేపర్లో చదవడం వేరు, గట్టు మీద నిలబడి అవతలి ఒడ్డు కోసం వెతుక్కోవడం వేరు. నాలుగున్నరకి టీ కొట్టామెని అడిగాం. వాళ్ల తమ్ముడి నిమ్మతోటలో మోటారు షెడ్డు పక్కన చోటిచ్చారు. తోటంతా నిమ్మపూత వాసన. అమావాస్య వెళ్లి రెండు రోజులే కదా, ఇన్ని చుక్కలు నేను పుట్టాక చూళ్లేదు.

పెన్నాతీరం | జనవరి 26, సాయంత్రం 5:45

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరాం. తర్వాత సిగ్నల్ ఉన్నా రాయబుద్ధి కాలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఉదయగిరిలో మబ్బుల చీకట్లోనే కొండెక్కడం మొదలుపెట్టాం. దుర్గం కింద తమ్ముడు మాట్లాడిపెట్టిన పెద్దాయన ముందు నడిచాడు. సగం కొండ దగ్గర నాకు ఆయాసం వచ్చి ఒక గుండు మీద కూర్చున్నాను. ఆయన మా తాత పేరడిగాడు, చెప్పాను. వాళ్ల నాయనా మా తాతా కలిసి ఈ కొండ మీద గొడ్లు మేపారట. ఏ కోనేటి దగ్గర నీళ్లు తాగేవాళ్లో చూపించాడు. ఇప్పుడందులో నీళ్లు పచ్చగా ఉన్నాయి, తాగే పని లేదు. ఊరికే చెయ్యి ముంచి కాసేపు అట్లాగే కూర్చున్నాను. మా ఆయన ఫొటో తియ్యబోయి ఆగిపోయాడు. అందుకు ఆయనకి ఎంత రుణపడ్డానో ఆయనకి తెలీదు.

భైరవకోనలో కొండని తొలిచిన ఎనిమిది గుళ్లూ మధ్యాహ్నానికి చూశాం. జలపాతం సన్నగా పడుతోంది, నీళ్లు చల్లన. అక్కడ రాత్రికి ఉండటం కుదరదని ముందే తెలుసు కాబట్టి మూడింటికే బయటపడి సీఎస్ పురం వైపు వచ్చాం. రోడ్డు పక్క కంది కోసిన చేలో గొర్రెల మంద కనపడింది. నెల్లూరు జాతి గొర్రెలు, పొడుగు కాళ్లవి. ఆ రైతు ఎరువు కోసం తన చేలో మంద పెట్టించుకున్నాడట. కాపరులు ఇద్దరన్నదమ్ములు, పెద్దాయన భార్య. అడిగాం. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఆ గుడ్డ గుడిసెలో పడుకుంటారా అమ్మా?" అంది. పడుకుంటామన్నాను. కుక్కలకి మా వాసన చూపించి, ఇక మొరగవులే అంది.

రాత్రి తొమ్మిదికి టెంట్ జిప్పు పళ్లు విడిపోయాయి. ఎంత లాగినా మూసుకోదు. కొన్నది మూడు వారాల కిందట. ఫోన్ చేస్తే ఆ అమ్మినవాళ్లు ఈ రోజు దాకా ఎత్తలేదు. పీహెచ్‌సీ అక్క రాసింది గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి. అత్తయ్య పెట్టిన దోమతెర తీసి, లోపల నాలుగు మూలలా కట్టి, అంచులు పరుపు కింద దోపుకున్నాం. అయినా నిద్ర రాలేదు. కాపరామె వచ్చి చూసి, ఏమీ అనకుండా వాళ్ల నులక మంచం తెచ్చి నాకోసం వేసింది. ఆ మంచం ఆమెదే. వద్దంటే వినలేదు. ఆమె గొంగళి పరుచుకుని మంద పక్కన పడుకుంది. నేను మంచం మీద, దోమతెరలో. పొద్దున డబ్బులివ్వబోతే కోప్పడింది. ఉదయగిరిలో కొన్న గరిటెల్లో రెండు ఇస్తే మాత్రం సంతోషంగా తీసుకుంది. ఆమె ఫొటో లేదు, ఉన్నా ఇక్కడ పెట్టను.

నాలుగో రోజు కనిగిరి దాటాక పంక్చర్. చిల్లకంపే. స్పానర్ అన్నా, చెట్టు కింద ఆపొద్దన్నారు, మేం ఆపలేదు, ఎదురుగా కంప ట్రాక్టర్ వస్తే పక్కకి దిగాం. కొత్త ట్యూబ్ ఉండబట్టి గంటలో అయిపోయింది. ఆ గంట వల్ల కంభం చేరేసరికి ఐదున్నర. గుండ్లకమ్మ గారి పెద్దమ్మ వాకిట్లో ఉడకేసిన కందికాయలు, చింతకాయ పచ్చడి, జొన్నరొట్టె. కళ్లంలో ఆవిడా మనవలూ టెంట్ చుట్టూ కూర్చుని పదకొండు దాకా కబుర్లు. చెరువు మీద పొద్దు వాలడం చూడలేకపోయాం, తెల్లవారి మంచులో చూశాం.

శనివారం వస్తూ మాలకొండ. ఆ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కాబట్టి జనం విపరీతం, గంటన్నర క్యూలో నిలబడ్డాం. అక్కణ్నుంచి కందుకూరు మీదుగా హైవే ఎక్కి ఇంటికి.

పొదిలి స్పానర్ | జనవరి 26, రాత్రి 7:30

గంటలో ట్యూబ్ మార్చారంటే మీ ఆయనకి శభాష్ చెప్పానని చెప్పండి. ఆ పాత ట్యూబ్ పారెయ్యకుండా ప్యాచ్ వేయించి డిక్కీలో పెట్టుకోండి.

పెన్నాతీరం | జనవరి 26, రాత్రి 7:42

మార్చింది నేను. ఆయన రోడ్డు మీద నిలబడి బండ్లని పక్కకి పంపాడు.

రిటైర్డు మాస్టారు | జనవరి 26, రాత్రి 9:20

పూర్తిగా చదివాను అమ్మా. కాపరి ఇల్లాలి మంచం దగ్గర రెండుసార్లు ఆగాను. నేను ముందు రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. గది దొరికే ఊరు దగ్గర్లో ఉండాలన్నది మాత్రం ఇప్పటికీ నా మాటే. ఖర్చెంత అయిందో చెప్తే మా మేనల్లుడికి పనికొస్తుంది.

పెన్నాతీరం | జనవరి 27, ఉదయం 6:50

ఆ సగం నేనూ ఒప్పుకుంటున్నాను మాస్టారూ. జిప్పు పోయిన రాత్రి అక్కడ వాళ్లు లేకపోతే పామూరు పోయి గది తీసుకునేవాళ్లం, ఆ లెక్క ముందే ఉంది. మొత్తం 560 కిలోమీటర్లు తిరిగాం. పెట్రోలు 1,400 రూపాయలు, తిండి, టీలు, కొండెక్కించిన పెద్దాయనకిచ్చింది, గరిటెలు అన్నీ కలిపి 4,300. టెంట్ లెక్క వేరు.

మా అత్తయ్య మాలకొండ ప్రసాదం తిని, తనని కూడా తీసుకెళ్లమంది. వచ్చే శనివారం ముగ్గురం బస్సులో. పామూరు నుంచి ఆటోలు దొరుకుతాయా, కందుకూరు నుంచి పోవడం నయమా?

కావలి వదిన | జనవరి 27, ఉదయం 7:35

కందుకూరు నుంచే పో. శనివారం ఆ వైపు బస్సులు తిప్పుతారు. ఆరుకల్లా ఇల్లు వదలండి, అత్తగారికి ఎండ కాక ముందే దర్శనం అయిపోవాలి. తిరుగుదారిలో కావలిలో దిగండి, అన్నం మా ఇంట్లో.